జఠర వ్రణం - ఆయుర్వేద చికిత్స

జఠర వ్రణం అనగా జీర్ణాశయపు లోపలి పొరలో గానీ, దానిని ఆనుకొని ఉన్న ఆంత్రమూలం (చిన్నప్రేగు మొదటి భాగం) లోపలి పొరలో గానీ ఏర్పడే పుండు. వాడుకలో దీనిని కడుపులో పుండు, పేగుపూత, అల్సర్ అని వ్యవహరిస్తారు. ఆయుర్వేదంలో ఈ వ్యాధికి సరిగ్గా సరిపోయే ఒకే పేరు లేదు. అమ్లపిత్తం, పరిణామశూల, అన్నద్రవశూల అనే మూడు వ్యాధుల వర్ణనలలో దీని లక్షణాలు కనిపిస్తాయి. ఆయుర్వేద వైద్యులు ఆహార నియమాలతోను, మూలికలతోను, భస్మాలతోను ఈ వ్యాధికి చికిత్స చేస్తారు. మంట, నొప్పి, పులితేన్పులు తగ్గడానికి వీటిలో కొన్ని ఉపకరిస్తాయి. అయితే నొప్పి తగ్గడం, పుండు మానడం ఒకటి కాదు. పుండుకు మూలకారణమైన సూక్ష్మజీవిని గుర్తించి తొలగించడానికి ఆధునిక పరీక్షలు, మందులు అవసరమవుతాయి.

వ్యాధి స్వరూపం

జీర్ణాశయంలో ఊరే జఠర రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైము ఉంటాయి. మాంసాన్ని సైతం జీర్ణం చేయగల ఈ రసం జీర్ణాశయపు గోడను జీర్ణం చేయకుండా దానిపైనున్న శ్లేష్మపు పొర కాపాడుతుంది. ఈ కవచం దెబ్బతిన్నప్పుడు ఆమ్లం కింది కణజాలాన్ని తాకి పుండు ఏర్పడుతుంది.

పైకడుపులో, రొమ్ము ఎముకకు దిగువన మంట లేదా నొప్పి ఈ వ్యాధి ముఖ్య లక్షణం. ఆంత్రమూలంలో పుండు ఉన్నవారికి సాధారణంగా భోజనమైన రెండు మూడు గంటల తరువాత, అర్ధరాత్రి వేళ నొప్పి వచ్చి, ఏదైనా తింటే తగ్గుతుంది. జీర్ణాశయంలో పుండు ఉన్నవారికి తిన్న కొద్దిసేపటికే నొప్పి రావచ్చును. కడుపు ఉబ్బరం, వికారం, త్వరగా కడుపు నిండినట్లుండటం ఇతర లక్షణాలు. కొందరిలో, ముఖ్యంగా వృద్ధులలోను, నొప్పి మాత్రలు వాడేవారిలోను ఏ నొప్పీ లేకుండానే పుండు పెరిగి, రక్తస్రావంతో మొదటిసారి బయటపడవచ్చును.

ఆయుర్వేద గ్రంథాలలో

చరక సంహితలో అమ్లపిత్తం పేరు ప్రస్తావనగా కనిపించినా దానికి ప్రత్యేక అధ్యాయం లేదు. దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించిన గ్రంథం కాశ్యప సంహిత. నేపాలులో లభించిన అసంపూర్ణ ప్రతి ఆధారంగా ఈ గ్రంథం 1938లో ముద్రణ పొందినది. అమ్లపిత్తం నీరు సమృద్ధిగా ఉండే ఆనూప దేశాలలో అధికమనీ, మందులకు లొంగనప్పుడు రోగి ఆ ప్రదేశం విడిచి వెళ్ళడం మేలనీ ఇందులో చెప్పబడినది.

రోగ నిర్ణయానికి ప్రామాణికమైన మాధవ నిదానంలో అమ్లపిత్తం ఊర్ధ్వగం, అధోగం అని రెండు విధాలు. ఊర్ధ్వగంలో పుల్లని, చేదైన వాంతులు, గొంతులోను రొమ్ములోను మంట ఉంటాయి. అధోగంలో దోషం విరేచన మార్గంలో వెలువడుతుంది. ఇదే గ్రంథంలో శూలరోగాల కింద మరి రెండు వ్యాధులు వర్ణించబడ్డాయి.

పరిణామశూల: తిన్న అన్నం జీర్ణమయ్యే సమయంలో వచ్చే నొప్పి. పరిణామం అంటే ఇక్కడ ఆహారం పాకం చెందడం. దీనిని ఆంత్రమూల వ్రణంతో పోలుస్తారు.

అన్నద్రవశూల: అన్నం అరిగినా, అరుగుతున్నా, అరగకున్నా వచ్చే నొప్పి. పథ్యంతో గానీ, ఉపవాసంతో గానీ నియమంగా తగ్గదు. పిత్తం వాంతి అయ్యే వరకు ఉపశమనం ఉండదు. దీనిని జీర్ణాశయ వ్రణంతో పోలుస్తారు.

ఈ పోలికలు లక్షణాలను బట్టి చేసినవి మాత్రమే. ప్రాచీన వైద్యులు నొప్పి వచ్చే వేళను బట్టి వ్యాధులను వేరుచేయడం వారి పరిశీలనా శక్తికి నిదర్శనం. అయితే ఎండోస్కోపీ లేని ఆ కాలంలో లోపల పుండు ఉన్నదీ లేనిదీ చూడటానికి వీలు లేదు. పుండు లేని సాధారణ అజీర్తి, అన్నవాహిక మంట, పిత్తాశయంలో రాళ్ళు, జీర్ణాశయ క్యాన్సర్ కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించగలవు.

తెలుగుదేశంలో ప్రచారం పొందిన వైద్య గ్రంథం బసవరాజీయం. బసవరాజు రచించిన ఈ గ్రంథంలో సంస్కృత శ్లోకాలతో పాటు తెలుగు కూడా ఉండటం వలన ఆంధ్ర వైద్యుల ఇళ్ళలో ఇది తరతరాలుగా చదవబడినది.

కారణాలు

ఆయుర్వేదం ప్రకారం: జఠరాగ్నికి ఆధారమైన పాచక పిత్తం విదగ్ధమై, అనగా పులిసి, పులుపెక్కడం ఈ వ్యాధికి మూలం. జీర్ణాశయాన్ని తడిగా ఉంచి కాపాడే క్లేదక కఫం క్షీణించడం దీనికి తోడవుతుంది. వేళ తప్పిన భోజనం, తిన్నది అరగకముందే మళ్ళీ తినడం, పులుపు, కారం, ఉప్పు అధికంగా గల ఆహారం, పులిసిన పదార్థాలు, మద్యం, రాత్రి జాగరణ, కోపం, దుఃఖం ఇందుకు హేతువులు. హైదరాబాదులోని షేక్‌పేట మండలంలో జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. తెల్లవారకముందే మొదలై అర్ధరాత్రి దాకా సాగే చిత్రీకరణలలో వేళకు అన్నం లేక టీలతో కాలం గడిపే కార్మికుని దినచర్య, గ్రంథాలలో చెప్పిన ఈ హేతువుల జాబితాకు మంచి ఉదాహరణ.

ఆధునిక వైద్యం ప్రకారం: జఠర వ్రణానికి రెండు ముఖ్య కారణాలు ఉన్నాయి. మొదటిది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో దీనిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఇది వ్యాధి కలిగిస్తుందని నిరూపించడానికి మార్షల్ 1984లో ఈ బాక్టీరియా గల ద్రవాన్ని స్వయంగా తాగి జీర్ణాశయ శోథకు లోనయ్యాడు. వీరిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించినది. రెండవ కారణం ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు. ఇవి శ్లేష్మపు కవచాన్ని నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకుంటాయి. పొగతాగడం పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

అన్నము, మిరపకారము

దక్షిణ భారతంలో ఆంత్రమూల వ్రణం ఎక్కువని వైద్యులు చాలాకాలంగా గమనించారు. రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా 1964లో ప్రచురించిన పరిశీలనలో, వరి అన్నం తినే ప్రాంతాలలో ఈ వ్యాధి గోధుమలు తినే ఉత్తర ప్రాంతాలకంటే అధికమని పేర్కొన్నాడు. రొట్టెను బాగా నమలవలసి ఉండటం వలన లాలాజలం ఎక్కువగా ఊరి రక్షణ కలుగుతుందని ఆయన ఊహించాడు. ఇది బాక్టీరియా పాత్ర తెలియని కాలపు ఊహ.

ఆంధ్రుల వంటలలోని కారమే కడుపులో పుండుకు కారణమని ఒక నమ్మకం ఉన్నది. ఢిల్లీ వైద్యులు 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, ఆంత్రమూల వ్రణం గల రోగులలో కొందరికి రోజుకు 3 గ్రాముల మిరపకారం ఆహారంతో ఇచ్చి, నాలుగు వారాల తరువాత పరీక్షించారు. కారం తిన్నవారికీ, తిననివారికీ పుండు మానడంలో తేడా కనిపించలేదు. అయితే కారం తిన్నప్పుడు మంట పెరిగేవారు దానిని తగ్గించుకోవడం సముచితం.

చికిత్సా విధానం

ఆయుర్వేద చికిత్స మూడు మెట్లుగా సాగుతుంది.

1. నిదాన పరివర్జనం: వ్యాధికి హేతువైన ఆహార విహారాలను విడిచిపెట్టడం.
2. శోధనం: పెరిగిన దోషాన్ని బయటకు పంపడం. ఊర్ధ్వగ అమ్లపిత్తంలో వమనం (వాంతి చేయించడం), అధోగంలో విరేచనం చెప్పబడ్డాయి.
3. శమనం: మందులతోను, పథ్యంతోను మిగిలిన దోషాన్ని శాంతింపజేయడం. దీనికి చేదు, తీపి, వగరు రుచులు గల శీతల ద్రవ్యాలు వాడతారు.

పుండు ఉన్నదని తెలిసినవారికి, రక్తస్రావం అనుమానం ఉన్నవారికి వమనం, తీవ్ర విరేచనం ప్రమాదకరం. కనుక పంచకర్మ చికిత్సకు ముందు ఎండోస్కోపీ చేయించుకోవడం క్షేమం.

ముఖ్యమైన మూలికలు

అతిమధురం (యష్టిమధుకం): ఈ వేరు తీపిగా ఉంటుంది. శ్లేష్మపు పొరను బలపరుస్తుందని భావిస్తారు.
ఉసిరిక: పుల్లనైనదే అయినా శీతవీర్యం, మధుర విపాకం గలది కావడం చేత పిత్తాన్ని శమింపజేస్తుందని ఆయుర్వేద సిద్ధాంతం.
శతావరి (పిల్లిపీచర): దీని దుంపలతో కాచిన శతావరీ ఘృతం అమ్లపిత్తంలో ఇస్తారు.
తిప్పతీగ (గుడూచి): చేదు గలది. దీని కాండం నుండి తీసిన సత్తు అనేక యోగాలలో చేరుతుంది.
బూడిద గుమ్మడి (కూష్మాండం): దీనితో చేసిన కూష్మాండ లేహ్యం మంటకు, దాహానికి వాడతారు.
చేదుపొట్ల, వేప, అడ్డసరం, పర్పాటకం: కషాయాలలో వాడే పిత్తశమన ద్రవ్యాలు.

ముఖ్యమైన ఔషధ యోగాలు

అవిపత్తికర చూర్ణం: అమ్లపిత్తానికి అత్యంత ప్రసిద్ధమైన మందు. ఇందులో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ, ఉసిరిక, తుంగముస్తలు, బిడ లవణం, వాయువిడంగాలు, ఏలకులు, ఆకుపత్రి సమభాగాలుగా ఉంటాయి. వాటన్నింటికీ సమానంగా లవంగాలు, అంతకంటే అధికంగా తెగడ వేరు, అన్నింటికంటే అధికంగా చక్కెర చేరుస్తారు. తెగడ విరేచనకారి కనుక ఈ చూర్ణం మలబద్ధకాన్ని కూడా తొలగిస్తుంది. చక్కెర అధికంగా ఉన్నందున మధుమేహ రోగులు జాగ్రత్త వహించాలి.

శంఖ భస్మం: శంఖాన్ని పుటం పెట్టి తయారు చేస్తారు. శంఖంలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. కనుక ఈ భస్మం ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఆధునిక ఆమ్లహరాలు చేసే పని కూడా ఇదే.

కామదుఘా రసం: ముత్యం, పగడం, ముత్యపు చిప్ప, గవ్వ, శంఖం మొదలైనవాటి భస్మాలు, గైరికం, తిప్పతీగ సత్తు కలిపినది. ఇందులో కూడా కాల్షియమే ప్రధానం.

నారికేళ లవణం: కొబ్బరికాయలో ఉప్పు నింపి, పైన మట్టి పూసి కాల్చి, లోపలి భాగాన్ని నూరి చేసే మందు. పరిణామశూలలో వాడతారు. రక్తపోటు గలవారు ఇందులో ఉప్పు ఉన్నదని గుర్తించాలి.

ధాత్రీ లోహం: ఉసిరిక, అతిమధురం, లోహ భస్మం కలిపినది. ఇనుము గల మందులు మలాన్ని నల్లబరుస్తాయి. రక్తస్రావం వలన మలం నల్లబడినా రోగి దానిని మందు ప్రభావమని భ్రమపడే ప్రమాదం ఉన్నందున ఈ విషయం ముందే తెలిసి ఉండాలి.

సూతశేఖర రసం: శుద్ధి చేసిన పాదరసం, గంధకం, తామ్ర భస్మం, వత్సనాభి, ఉమ్మెత్త గింజలు చేరిన మందు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదు.

పథ్యాపథ్యాలు

పథ్యం: పాత బియ్యపు అన్నం, యవలు, గోధుమలు, పెసలు, పేలాలు, కాకర, పొట్ల, బూడిద గుమ్మడి, దానిమ్మ, ఉసిరిక, కాచి చల్లార్చిన నీరు. వేళకు మితంగా తినడం ఈ జాబితా కంటే ముఖ్యం.

అపథ్యం: పుల్ల పెరుగు, పులిసిన పిండి వంటలు, ఊరగాయలు, ఉలవలు, మినుములు, నువ్వులు, వేపుళ్ళు, మద్యం, పొగాకు, పగటి నిద్ర, రాత్రి జాగరణ.

పాలు తాగితే మంట వెంటనే చల్లబడుతుంది. కానీ పాలలోని మాంసకృత్తులు, కాల్షియం తరువాత ఆమ్లం మరింతగా ఊరేటట్లు చేస్తాయి. అందుచేత గంటకొకసారి పాలు తాగించే పాత పద్ధతిని ఇప్పుడు వైద్యులు సిఫారసు చేయడం లేదు.

ఆధునిక పరిశోధనలు

అతిమధురంపై జరిగిన పరిశోధన ఒక మూలిక ఆధునిక ఔషధంగా మారిన క్రమానికి మంచి ఉదాహరణ. నెదర్లాండ్స్‌కు చెందిన వైద్యుడు రెవర్స్, అతిమధురపు సారం వాడిన రోగులలో కడుపు పుండ్లు మానడాన్ని గమనించి 1946లో ప్రకటించాడు. అదే సమయంలో కొందరికి ముఖము, కాళ్ళు వాచడాన్ని కూడా ఆయన గుర్తించాడు. తరువాత ఈ వేరులోని పదార్థం నుండి కార్బెనాక్సొలోన్ అనే మందు తయారై 1960వ దశకంలో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చినది. ఇది పుండ్లను మాన్పినప్పటికీ శరీరంలో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని తగ్గించి, రక్తపోటును పెంచడం వలన, ఇంతకంటే సురక్షితమైన సిమెటిడిన్ (1976), ఒమెప్రజోల్ (1980వ దశకం చివర) వంటి మందులు వచ్చాక వెనుకబడినది. అతిమధురం వేరును ఎక్కువకాలం వాడినా ఇవే దుష్ఫలితాలు కలుగుతాయి. అందుకు కారణమైన గ్లిసరైజిన్‌ను తొలగించిన సారంపై జరిగిన పరీక్షలలో ఫలితాలు ఒకే రీతిగా లేవు.

కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పచ్చి అరటికాయ పొడి, శతావరి మొదలైనవాటిపై దశాబ్దాలుగా పరిశోధన జరిగినది. అరటికాయ పొడి ఎలుకలలో జీర్ణాశయపు శ్లేష్మాన్ని పెంచి పుండ్ల నుండి రక్షించినట్లు వెల్లడైనది. అయితే జంతువులలో కనిపించిన ఫలితం మనుషులలోను కనిపిస్తుందని చెప్పలేము. మూలికలతోనే హెలికోబాక్టర్ పైలోరిని విశ్వసనీయంగా నిర్మూలించవచ్చునని చూపే గట్టి ఆధారాలు లేవు.

పరిమితులు, జాగ్రత్తలు

ఆమ్లాన్ని తగ్గించినప్పుడు పుండు మాని, నొప్పి పోవచ్చును. కానీ బాక్టీరియా మిగిలి ఉంటే చాలామందిలో ఏడాది లోపే పుండు తిరగబెడుతుంది. భస్మాలకే కాక, ఆమ్లాన్ని తగ్గించే ఆధునిక మాత్రలకు కూడా ఈ పరిమితి వర్తిస్తుంది. కనుక పుండు అనుమానం ఉన్నవారు శ్వాస పరీక్ష, మల పరీక్ష లేదా ఎండోస్కోపీ ద్వారా బాక్టీరియా ఉన్నదీ లేనిదీ నిర్ధారించుకోవాలి. ఉన్నట్లయితే సాధారణంగా 14 రోజులపాటు యాంటీబయాటిక్ మందులను, ఆమ్లాన్ని తగ్గించే మందుతో కలిపి ఇస్తారు. ఈ చికిత్స ముగిసిన నాలుగు వారాలకు మళ్ళీ పరీక్షించి, బాక్టీరియా పోయినదని రూఢి చేసుకోవాలి. జీర్ణాశయంలో పుండు ఉంటే అది క్యాన్సర్ కాదని తెలుసుకోవడానికి ముక్క పరీక్ష కూడా చేస్తారు.

ఈ చికిత్సలో టెట్రాసైక్లిన్ అనే మందు ఉన్నప్పుడు, శంఖ భస్మం వంటి కాల్షియం మందులు దానిని శరీరంలోకి ఇంకకుండా అడ్డుకుంటాయి. కనుక ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా తాము వాడుతున్న రెండు రకాల మందులనూ దాచకుండా చెప్పాలి.

కీళ్ళ నొప్పులకు అమ్మే పేరులేని పొడులలో, మాత్రలలో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపిన సందర్భాలు పలుమార్లు బయటపడ్డాయి. మూలికా మందు అనుకొని వాడిన అటువంటి పొడియే కడుపులో పుండుకు కారణం కావచ్చును. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య లేని మందును వాడరాదు. గుండె జబ్బుకు వైద్యుడు ఇచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపక, ముందు ఆయనను సంప్రదించాలి.

ఈ కింది లక్షణాలలో ఏది కనిపించినా ఇంటి వైద్యం, ఆయుర్వేద వైద్యం కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

1. తారు వలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో మలం రావడం.
2. రక్తపు వాంతి, లేదా కాఫీ పొడి వంటి వాంతి.
3. అకస్మాత్తుగా భరించరాని కడుపు నొప్పి వచ్చి, పొట్ట చెక్కవలె బిగుసుకోవడం. పుండు వద్ద రంధ్రం పడినదనడానికి ఇది సూచన. దీనికి శస్త్రచికిత్స అవసరమవుతుంది.
4. కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, స్పృహ తప్పడం.

కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, రక్తహీనత, యాభై ఐదేళ్ళు దాటాక కొత్తగా మొదలైన అజీర్తి ఉన్నవారు ఆలస్యం చేయకుండా వైద్య పరీక్ష చేయించుకోవాలి.

చట్టం

1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం షెడ్యూలులో జీర్ణమార్గంలోని వ్రణాలు కూడా చేర్చబడ్డాయి. అనగా కడుపులో పుండును నయం చేస్తామని ప్రజలకు మందుల ప్రకటనలు ఇవ్వడం నిషిద్ధం. ఇది ఏ వైద్య విధానానికైనా వర్తిస్తుంది. 1940 నాటి ఔషధాల చట్టం కింది నియమాల ప్రకారం వత్సనాభి, ఉమ్మెత్త వంటి విష ద్రవ్యాలు గల ఆయుర్వేద మందుల పెట్టెపై, వైద్య పర్యవేక్షణలో వాడవలెనన్న హెచ్చరిక ఉండాలి.

తెలుగు రాష్ట్రాలలో ఆయుర్వేద సంస్థలు

హైదరాబాదులోని ఎర్రగడ్డలో డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, దానికి అనుబంధంగా ఆసుపత్రి ఉన్నాయి. షేక్‌పేట, ఎర్రగడ్డ రెండూ జూబిలీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలోనివే. వరంగల్లులో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ప్రాచీన వైద్య గ్రంథాలపై పరిశోధన చేస్తున్నది.

ఆధునిక వైద్య పట్టా పొంది, ఆయుర్వేదానికి జీవితాన్ని అంకితం చేసిన ఆచంట లక్ష్మీపతి (1880-1962) వంటివారు రెండు విధానాలనూ ఎరిగినవారు. జఠర వ్రణం విషయంలో రోగికి అవసరమైనది కూడా అటువంటి దృష్టియే. వేళకు భోజనం, మితాహారం, మద్యం, పొగాకు మానడం అనే ఆయుర్వేద పథ్యం, ఆధునిక పరీక్షలు చేసే నిర్ధారణ ఒకదానికొకటి విరోధులు కావు.

ఇవి కూడా చూడండి

ఆయుర్వేదం
త్రిదోషాలు
అతిమధురం
ఉసిరి
హెలికోబాక్టర్ పైలోరి
ఎండోస్కోపీ
బసవరాజీయం